ప్రిడ్జ్ అఖాతం దారిలో సముద్రపు మంచు

అంటార్కిటికాను చుట్టుకొని ఉన్న సముద్రం ఏటా గడ్డకడుతుంది, ఏటా కరుగుతుంది. దక్షిణార్ధగోళంలో వేసవి ముగిసే ఫిబ్రవరి చివరికి అక్కడ సగటున 28 లక్షల చదరపు కిలోమీటర్ల మంచు మిగులుతుంది. ఇది భారతదేశ వైశాల్యం కంటే కొంచెం తక్కువ. చలికాలం గడిచి సెప్టెంబరు వచ్చేసరికి అదే మంచు 1 కోటి 80 లక్షల చదరపు కిలోమీటర్లు దాటి పరుచుకుంటుంది. అంటార్కిటికా ఖండం కూడా అంత పెద్దది కాదు. ఏ అడవీ, ఏ ఎడారీ ఏడాది తిరిగేలోగా ఇంతగా పెరిగి ఇంతగా తరగదు. దక్షిణ మహాసముద్రంలో కంటికి కనిపించని నాచు మొదలుకొని నీలి తిమింగలం వరకు ఎన్నో ప్రాణుల కాలపట్టిక ఈ రాకపోకలను బట్టే నడుస్తుంది.

ఈ మంచును దగ్గరగా చూడగల మార్గాల్లో భారతీయులకు బాగా సంబంధం ఉన్నది, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నుంచి తూర్పు అంటార్కిటికాలోని ప్రిడ్జ్ అఖాతానికి వెళ్లే నౌకామార్గం. ఆ అఖాతపు ఒడ్డున, లార్స్‌మన్ కొండల మీద, 69 డిగ్రీల దక్షిణ అక్షాంశం దాటాక భారతి పరిశోధన కేంద్రం ఉంది. అది 2012 మార్చి 18న ప్రారంభమైంది. భారత్ తొలి యాత్ర అంతకు మూడు దశాబ్దాల ముందే జరిగింది. డాక్టర్ సయ్యద్ జహూర్ ఖాసిం నాయకత్వంలో 1981 డిసెంబరు 6న గోవా నుంచి బయల్దేరిన బృందం, పోలార్ సర్కిల్ అనే నార్వే నౌకలో ప్రయాణించి 1982 జనవరి 9న ఆ ఖండం మీద కాలుపెట్టింది. ఇప్పటి యాత్రలను గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం నిర్వహిస్తోంది. శాస్త్రవేత్తల్లో కొందరు విమానంలో చేరుకున్నా, ఇంధనం, ఆహారం, యంత్ర సామగ్రి వంటి భారీ సరుకు మాత్రం మంచును తట్టుకొనేలా కట్టిన నౌకలోనే వెళ్లాలి. దక్షిణ వేసవిలో తప్ప ఆ దారి తెరుచుకోదు.

కేప్‌టౌన్ నుంచి భారతి అయిదు వేల కిలోమీటర్లకు పైమాటే. రేవు దాటిన కొన్నాళ్లకే నౌక నలభయ్యో అక్షాంశాల్లోకి, ఆపైన యాభయ్యో అక్షాంశాల్లోకి ప్రవేశిస్తుంది. పడమటి గాలులను అక్కడ అడ్డుకొనే నేల దాదాపు లేదు. అలలు ఓడంత ఎత్తు లేస్తాయి. గదిలో కట్టివేయని వస్తువు ఏదీ పెట్టినచోట ఉండదు. మూడు మీటర్లు దాటే రెక్కలున్న వాండరింగ్ ఆల్బట్రాస్ పక్షులు ఆ గాలినే ఆధారం చేసుకొని, రెక్క ఆడించకుండా గంటల తరబడి నౌక వెంట వస్తాయి.

ఆ తరువాత వచ్చే సరిహద్దు పటాల్లో తప్ప కంటికి కనిపించదు. ఉత్తరం నుంచి వచ్చే వెచ్చటి నీరు, దక్షిణం నుంచి వచ్చే చల్లటి నీరు కలిసే ఈ వలయాన్ని ధ్రువ సంగమ రేఖ అనవచ్చు. దాన్ని దాటగానే కొద్ది దూరంలోనే నీటి ఉష్ణోగ్రత రెండు మూడు డిగ్రీలు పడిపోతుంది. తరచూ పొగమంచు కమ్ముతుంది. ఆ రేఖకు దక్షిణాన అగాధంలోని నీరు మెల్లగా పైకి వస్తూ నైట్రేట్లు, ఫాస్ఫేట్లు, సిలికా మోసుకొస్తుంది. ప్రపంచ సముద్రాల్లో పోషకాలు ఇంత సమృద్ధిగా ఉన్న చోట్లు తక్కువ. కొరత ఉన్నదల్లా ఇనుముకే. ఆ ఇనుమును తెచ్చి ఇచ్చేవాటిలో కరిగే మంచు ఒకటి.

మంచు కనిపించక ముందే దాని జాడ ఆకాశంలో కనిపిస్తుంది. దిగంతాన మబ్బుల అడుగుభాగం తెల్లగా వెలుగుతుంటే అక్కడ కింద మంచు ఉన్నట్టు. ఆ తెలుపు మధ్య నల్లటి మచ్చ కనిపిస్తే అక్కడ తెరిచిన నీరు ఉన్నట్టు. ఉపగ్రహ చిత్రాలు లేని రోజుల్లో నావికులు ఈ మబ్బులను చూసే దారి వెతుక్కొనేవారు. జేమ్స్ కుక్ 1773 జనవరి 17న అంటార్కిటిక్ వలయాన్ని దాటినప్పుడు ఆయనకున్న ఆధారం కళ్లే. దిగంతం తెల్లబడే వేళకు ఆల్బట్రాస్‌లు వెనుదిరుగుతాయి. వాటి స్థానంలో నల్లటి కళ్లు, నల్లటి ముక్కు తప్ప ఒళ్లంతా తెల్లగా ఉండే స్నో పెట్రెల్ వస్తుంది. మంచు అంచున వేటాడే పక్షి అది; దాన్ని చూశారంటే మంచు దూరంలో లేదనే లెక్క.

మంచు పలకల మధ్యకు చేరగానే అలలు అణిగిపోతాయి. అంతవరకు ఊగిసలాడిన నౌక ఒక్కసారిగా నిలకడగా సాగుతుంది. తేలే పలకలు పెద్ద అలల శక్తిని కొంచెం కొంచెంగా పీల్చేస్తాయి కాబట్టి, మంచు లోపలి సముద్రం అంచున ఉన్న సముద్రం కంటే ఎంతో ప్రశాంతం. ఇక్కడ రెండు రకాల మంచు పక్కపక్కనే తేలుతుంటుంది. ఆకాశాన్నంటే మంచుకొండలు నేల మీద వేల ఏళ్లుగా కురిసిన హిమం హిమానీనదంగా జారి, విరిగి, సముద్రంలో పడినవి. అవి మంచినీటి గడ్డలు. వాటి చుట్టూ బల్లపరుపుగా పరుచుకొన్నది సముద్రపు నీరే గడ్డకట్టిన మంచు. చాలాచోట్ల దాని మందం ఒకటి రెండు మీటర్లకు మించదు. వయసు కూడా ఎక్కువగా ఒక్క ఏడాదే. జీవుల కథలో పెద్ద పాత్ర ఈ రెండోదానిదే.

నౌక ముందుభాగం మంచు పలక మీదికి ఎక్కి, తన బరువుతో దాన్ని విరగ్గొడుతూ సాగుతుంది. విరిగిన పలకలు నౌక పక్కన నిలువుగా లేచి తలకిందులవుతాయి. డెక్ మీద నిలబడి కిందికి చూసేవారికి ఈ యాత్ర మొత్తంలో అతి ముఖ్యమైన దృశ్యం అదే. పైన మచ్చలేని తెలుపు, మధ్యలో లేత నీలం, అడుగున మాత్రం ముదురు గోధుమ రంగు. ఆ గోధుమ రంగు మట్టి కాదు, మురికీ కాదు. గాజులాంటి సిలికా పెంకులున్న డయాటమ్‌లు అనే ఏకకణ జీవులు.

ఆ జీవులు మంచులోపలికి ఎలా చేరతాయి? సముద్రపు నీరు గడ్డకట్టేటప్పుడు నీటి అణువులు స్ఫటికంగా అమరుతూ ఉప్పును బయటికి నెట్టేస్తాయి. కొంత ఉప్పునీరు మాత్రం స్ఫటికాల మధ్య చిక్కుకుపోయి సన్నటి గొట్టాలుగా, గదులుగా మిగిలిపోతుంది. చలి ముదిరేకొద్దీ ఆ గొట్టాలు సన్నబడి, వాటిలోని ద్రవం మరింత చిక్కనవుతుంది. మైనస్ 10 డిగ్రీల సెల్సియస్ దగ్గర అందులోని ఉప్పు మామూలు సముద్రపు నీటికి నాలుగు రెట్లు. ఆ చలిలో, ఆ ఉప్పులో, పైన హిమం కప్పేయగా మిగిలిన కొద్దిపాటి వెలుతురులో డయాటమ్‌లు కిరణజన్య సంయోగక్రియ సాగిస్తాయి. వాటిలో ఎక్కువ భాగం అడుగున నీటికి ఆనుకొని ఉన్న కొద్ది సెంటీమీటర్లలోనే ఉంటుంది. అక్కడ మంచు మెత్తగా ఉంటుంది, పోషకాలు అందుతుంటాయి. వసంతంలో సూర్యుడు తిరిగి రాగానే నీటిలోని నాచు కంటే ముందు పెరిగేవి ఇవే. కరిగే మంచు నుంచి విడుదలై నీటిలో కలిసి, మంచు అంచు వెంబడి పెద్దఎత్తున జరిగే నాచు పెరుగుదలకు ఇవి కూడా విత్తనమవుతాయి.

ఆ గోధుమ పొరను మేసేది క్రిల్. రొయ్యలకు దూరపు చుట్టమైన ఈ అంటార్కిటిక్ క్రిల్ ఆరు సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది, రెండు గ్రాములు తూగుతుంది, అయిదారేళ్లు బతుకుతుంది. దాని మొత్తం జీవరాశి 30 కోట్ల నుంచి 50 కోట్ల టన్నుల మధ్య ఉంటుందని శాస్త్రవేత్తల అంచనాలు. వేసవిలో పుట్టిన పిల్ల క్రిల్‌కు మొదటి చలికాలమే గండం. పెద్దవి ఆకలికి తట్టుకోగలవు, తిండి దొరక్కపోతే ఒళ్లు కుదించుకొని కూడా నెట్టుకురాగలవు. పిల్లల దగ్గర అంత నిల్వ ఉండదు. నీటిలో నాచు లేని ఆ చీకటి నెలల్లో అవి మంచు అడుగుభాగాన్ని గీక్కుని తింటాయి. మంచు పలకలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కిన చోట ఏర్పడే సందుల్లో శత్రువుల నుంచి తలదాచుకుంటాయి. చలికాలం మంచు ఆలస్యంగా ఏర్పడితే మరుసటి వేసవిలో ఎదిగిరావాల్సిన కొత్త తరం పలచబడుతుంది.

పలకల మీద పడుకొన్న క్రాబీటర్ సీల్‌లు నౌక దగ్గరకొచ్చినా బద్ధకంగా తల ఎత్తి చూసి మళ్లీ వాలిపోతాయి. వాటి ప్రధానాహారం క్రిల్. దంతాల మీద లోతైన గాట్లుండటం వల్ల పైదవడ, కిందిదవడ కలిసినప్పుడు నీరు బయటికి పోయి క్రిల్ లోపల నిలిచిపోతుంది. మింకీ తిమింగలాలు మంచు పగుళ్లలో ఊపిరి తీసుకొని మళ్లీ మునుగుతాయి. నీలి తిమింగలం రోజుకు టన్నుల కొద్దీ క్రిల్‌ను తింటుంది. ఇరవయ్యో శతాబ్దంలో దక్షిణార్ధగోళంలో 20 లక్షలకు పైగా తిమింగలాలను మనుషులు చంపారు. ఈ సముద్రాల్లో ఈనాడు ఒక్క నీలి తిమింగలం కనిపించినా అది విశేషమైందంటే, ఆ వేటే కారణం.

ప్రిడ్జ్ అఖాతంలోకి మలుపు తిరిగాక మంచు స్వభావం మారుతుంది. అఖాతపు తలభాగాన అమెరీ ఐస్ షెల్ఫ్, అంటే నేలకు అతుక్కొనే సముద్రంపై తేలే మందపాటి మంచు పలక, ఉంది. ప్రపంచంలోని అతిపెద్ద హిమానీనదాల్లో ఒకటైన లాంబర్ట్ దానిలోకే జారుతుంది. 2019 సెప్టెంబరులో ఆ ఐస్ షెల్ఫ్ నుంచి దాదాపు 1,600 చదరపు కిలోమీటర్ల ముక్క ఒకటి విడివడింది. ఈ ప్రాంతంలో అప్పుడప్పుడు పచ్చటి మంచుకొండలు కూడా కనిపిస్తాయి. ఐస్ షెల్ఫ్ అడుగున సముద్రపు నీరు గాలిబుడగలు లేకుండా గడ్డకట్టి అతుక్కుంటుంది. అందులో చిక్కుకున్న ఇనుము ఆక్సైడ్ రేణువులే ఆ పచ్చదనానికి కారణం కావచ్చని 2019లో శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. ఆ మాట నిజమైతే, పచ్చటి మంచుకొండ ఎక్కడ కరిగితే అక్కడి నాచుకు ఇనుము అందుతున్నట్టే.

అఖాతానికి పడమర డార్న్‌లీ అగ్రం దగ్గర ఇంకో వింత నడుస్తుంది. ఖండం మీది నుంచి వీచే గాలులు అప్పుడే ఏర్పడిన మంచును ఏర్పడినట్టే దూరంగా తోసేస్తుంటాయి. చలికాలమంతా అక్కడ తెరిచిన నీటి మడుగు ఉంటుంది. అందులో మళ్లీ మళ్లీ మంచు పుడుతూనే ఉంటుంది. ప్రతిసారీ బయటికి నెట్టబడిన ఉప్పు కింది నీటిని బరువెక్కిస్తుంది. ఆ చల్లటి బరువైన నీరు ఖండపు వాలు మీదుగా జారి సముద్రం అడుగుకు చేరుతుంది. ఇలా జరుగుతోందని 2013లో జపాన్ శాస్త్రవేత్తల నాయకత్వంలోని బృందం నిర్ధారించింది. సముద్రం అడుగున లంగరేసిన పరికరాలతోపాటు, ఎలిఫెంట్ సీల్‌ల తలలకు అతికించిన చిన్న కొలత సాధనాలు పంపిన లెక్కలు కూడా అందుకు పనికొచ్చాయి. అంటార్కిటికా తీరాల్లో ఇలా మునిగే నీరే ప్రపంచ మహాసముద్రాల అట్టడుగు పొరను నింపుతోంది. హిందూ మహాసముద్రపు లోతుల్లో ఉన్నదీ ఆ చల్లదనమే.

తీరానికి చేరువలో నౌక ఆగిపోతుంది. అక్కడ మంచు తేలియాడదు. ఒడ్డుకూ దీవులకూ అతుక్కుని కదలకుండా ఉంటుంది. డ్రిల్లుతో రంధ్రాలు చేసి మందం కొలిచి, బరువు మోయగలదని తేల్చుకొన్నాకే మనుషులూ బండ్లూ దాని మీదికి దిగుతారు. మిగతా సరుకు హెలికాప్టర్లు మోస్తాయి. ఆటుపోట్లకు మంచు పైకి కిందికి కదలడం వల్ల ఒడ్డు వెంబడి పగుళ్లు ఏర్పడతాయి. మనుషులకు అవి ప్రమాదం, వెడెల్ సీల్‌కు అవి ప్రాణాధారం. పగులు లేనిచోట ఈ సీల్ మంచుకు రంధ్రం చేసుకొని, అది మూసుకుపోకుండా చలికాలమంతా పళ్లతో అంచులు గీకుతూనే ఉంటుంది. ఆ రంధ్రం నుంచే గంటకు పైగా ఊపిరి బిగబట్టి, ఆరువందల మీటర్ల లోతుకు కూడా మునిగి, చేపలు పట్టి తిరిగి అదే రంధ్రానికి వస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ పళ్లు అరిగిపోతాయి. పళ్లు పూర్తిగా అరిగిన సీల్ రంధ్రాన్ని తెరిచి ఉంచలేదు. దాని ఆయుష్షు అక్కడితో తీరుతుంది.

ఆ సీల్ పట్టే చేపల సంగతి వేరే చెప్పుకోవాలి. ఉప్పు కారణంగా సముద్రపు నీరు మైనస్ 1.8 డిగ్రీల వరకు గడ్డకట్టదు. మామూలు చేప రక్తం అంతకంటే ముందే, మైనస్ 1 డిగ్రీకి అటూ ఇటూగా గడ్డకడుతుంది. మరి ఇక్కడి చేపలు బతికేదెలా? 1960లలో మెక్‌ముర్డో జలసంధిలో పనిచేసిన ఆర్థర్ డివ్రీస్ సమాధానం కనిపెట్టారు. ఈ చేపల రక్తంలో ఉన్న ఒక రకం గ్లైకోప్రోటీన్‌లు, లోపలికి చొరబడిన సూక్ష్మ మంచు స్ఫటికాలకు అతుక్కుని అవి పెరగకుండా ఆపేస్తాయి. ఐస్‌ఫిష్ కుటుంబపు చేపల రక్తంలో హీమోగ్లోబినే లేదు. రక్తం నీళ్లలా తేటగా ఉంటుంది. నార్వే శాస్త్రవేత్త యోహాన్ రూడ్ 1954లో దీన్ని నిరూపించారు. చల్లటి నీటిలో ఆక్సిజన్ ఎక్కువగా కరుగుతుంది కాబట్టి, పెద్ద గుండె ఎక్కువ రక్తాన్ని తోడితే సరిపోతుంది. 2021లో జర్మనీ నౌక పోలార్‌స్టెర్న్ మీద వెళ్లిన బృందం వెడెల్ సముద్రపు అడుగున ఐస్‌ఫిష్ గూళ్ల కాలనీని చూసింది. దాదాపు 240 చదరపు కిలోమీటర్లలో 6 కోట్ల గూళ్లు ఉంటాయని అంచనా. ఒక్కో గూటిలో సగటున 1,700 గుడ్లు, వాటికి కాపలాగా ఒక చేప.

భారతికి ఈశాన్యంగా అదే తీరంలో అమండా అఖాతం ఉంది. అక్కడి ఒడ్డుమంచు మీద వేల జంటల ఎంపరర్ పెంగ్విన్‌లు పిల్లలను కంటాయి. మే, జూన్ నెలల్లో ఆడది ఒకే గుడ్డు పెట్టి, దాన్ని మగదానికి అప్పగించి సముద్రానికి వెళ్లిపోతుంది. మగది గుడ్డును పాదాల మీద పెట్టుకొని, పొట్టచర్మంతో కప్పి, చీకటిలో, తుఫానుల్లో దాదాపు 65 రోజులు నిలబడుతుంది. ఆ కాలమంతా దానికి తిండి లేదు. పిల్లకు నీటిలో తడవని ఈకలు రావడానికి డిసెంబరు వస్తుంది. అప్పటివరకు కాళ్ల కింది మంచు నిలిచి ఉండాలి. అంతకుముందే విరిగితే పిల్లలు మునిగో, చలికో చనిపోతాయి. 2022 చివర్లో బెల్లింగ్స్‌హౌసెన్ సముద్రతీరంలో సరిగ్గా ఇదే జరిగింది. అక్కడి అయిదు కాలనీల్లో నాలుగింట ఆ ఏడాది పిల్లలు దక్కలేదని ఉపగ్రహ చిత్రాలు చూపాయి.

అలాగని మంచు ఎంత ఎక్కువుంటే అంత మేలని కాదు. రాతి దీవుల మీద గూళ్లు కట్టే అడెలీ పెంగ్విన్‌లకు వేసవిలో దగ్గర్లో తెరిచిన నీరు కావాలి. 2017 వేసవిలో అడెలీ తీరంలో మంచు తొలగకపోవడంతో తల్లిదండ్రులు తిండికోసం చాలా దూరం నడవాల్సివచ్చింది. సుమారు 18,000 జంటలున్న అక్కడి ఒక కాలనీలో బతికిన పిల్లలు రెండు. వైశాల్యాల లెక్కల వెనక మరుగునపడే అసలు విషయం ఇదే: మంచు ఎంత ఉందన్నదానితో పాటు, ఏ తీరంలో ఏ నెలలో వచ్చి ఏ నెలలో పోయిందన్నదే జీవుల చావుబతుకులను తేలుస్తుంది.

ఆ లెక్కలు తీసే పనిలో భారతికీ, తెలంగాణకూ సంబంధం ఉంది. 134 షిప్పింగ్ కంటెయినర్లతో కట్టిన ఈ కేంద్రంలో ఇస్రో ఏర్పాటు చేసిన యాంటెన్నాలు, ధ్రువాల మీదుగా తిరిగే భారతీయ ఉపగ్రహాల నుంచి రోజుకు పలుమార్లు సమాచారం అందుకొంటాయి. అది అక్కడి నుంచి హైదరాబాద్ సమీపంలోని షాద్‌నగర్‌లో ఉన్న జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రానికి చేరుతుంది.

మార్చిలో తిరుగు ప్రయాణానికి నౌక కదిలే వేళకు సముద్రం మళ్లీ గడ్డకట్టడం మొదలుపెడుతుంది. గాలి లేని రాత్రి నీటిలో సూదుల్లాంటి స్ఫటికాలు పుట్టి పైకి తేలుతాయి. అవి చిక్కబడి నీటిపై జిడ్డు తేలినట్టు బూడిదరంగు పొరగా మారతాయి. చిన్న అలలు అక్కడే ఆగిపోతాయి. అలలు ఆగని చోట ఆ పొర ముక్కలై, ఒకదానికొకటి ఒరుసుకొంటూ, అంచులు పైకి లేచిన గుండ్రటి అట్లలా వేలకొద్దీ తేలుతుంది. కొన్నాళ్లలో అవి అతుక్కుని ఒకే పలకగా గట్టిపడతాయి. పైకి లేచే స్ఫటికాలు నీటిలోని డయాటమ్‌లను తమతో పట్టుకొస్తాయి. గోధుమ రంగు పొరకు నాంది ఆ రాత్రే. నౌక ఆలస్యం చేస్తే ఆ పలకల మధ్య ఇరుక్కుపోవచ్చు కాబట్టి తేదీల విషయంలో కెప్టెన్ మాటకు తిరుగుండదు.

కొన్ని దశాబ్దాల పాటు ఈ మంచు పెద్దగా తగ్గలేదు. 2014 సెప్టెంబరులో ఉపగ్రహ కొలతల చరిత్రలో తొలిసారి 2 కోట్ల చదరపు కిలోమీటర్లు దాటింది కూడా. 2016 నుంచి తీరు మారింది. 2023 ఫిబ్రవరిలో కనిష్ఠం 17 లక్షల 90 వేల చదరపు కిలోమీటర్లకు పడిపోయింది. అదే ఏడాది సెప్టెంబరు గరిష్ఠం 1 కోటి 70 లక్షలను కూడా అందుకోలేదు. రెండూ రికార్డులే. 2022 నుంచి 2025 దాకా వరుసగా నాలుగేళ్లు కనిష్ఠం 20 లక్షల లోపే ఉంది. వేడెక్కిన సముద్రపు నీరు, మారిన గాలులు ఇందులో పాత్ర వహిస్తున్నాయి. హిమం కప్పిన మంచు తన మీద పడిన సూర్యకాంతిలో 80 శాతానికి పైగా వెనక్కి పంపుతుంది. నల్లటి నీరు 90 శాతానికి పైగా పీల్చుకుంటుంది. మంచు పోయినచోట మళ్లీ మంచు కట్టడం అందుకే కష్టమవుతుంది.

ఇదే సమయంలో క్రిల్ వేట పెరిగింది. దక్షిణ అట్లాంటిక్ భాగంలో ఏడాదికి అనుమతించిన 6 లక్షల 20 వేల టన్నుల పరిమితి 2025లో తొలిసారి నిండిపోయి, వేట గడువుకు ముందే ఆపాల్సివచ్చింది. ఈ సముద్రాల్లో వేటను నియంత్రించే అంతర్జాతీయ సంఘం 1982 నుంచి హోబర్ట్ కేంద్రంగా పనిచేస్తోంది. భారత్ అందులో సభ్యదేశం. రాస్ సముద్రంలో 15 లక్షల చదరపు కిలోమీటర్లకు పైబడిన రక్షిత ప్రాంతాన్ని అది 2016లో ఆమోదించింది. తూర్పు అంటార్కిటికా తీరానికి అలాంటి రక్షణ కల్పించాలన్న ప్రతిపాదన మాత్రం 2012 నుంచి చర్చల్లోనే ఉంది. సభ్యదేశాలన్నీ ఒప్పుకొంటే తప్ప అది ఆమోదం పొందదు. 2021లో భారత్ ఆ ప్రతిపాదనకు సహప్రతిపాదకురాలిగా నిలిచింది. భారతి కేంద్రం ఉన్నది తూర్పు అంటార్కిటికాలోనే కాబట్టి, ఆ ఆమోదం వచ్చేదాకా ప్రతి ఏటా పట్టుబట్టే హక్కూ బాధ్యతా మన దేశానికి ఉన్నాయి.